ఒదిగి గెలిచే విద్య



జూడో అనగానే తెల్లని దుస్తులు వేసుకుని ఒకరినొకరు ఎత్తి పడేసుకునే కుర్రాళ్లు మన కళ్ల ముందు మెదులుతారు. "మగపిల్లల వ్యవహారం, మనకెందుకమ్మా" అని ఊరుకుంటాం. కాని ఆ విద్య పుట్టిన కథ వింటే, కండబలం లేనివారి కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

జూడోకు మూలపురుషుడు జిగొరో కానో. 1860లో జపానులో కలిగిన కుటుంబంలో పుట్టాడు. చదువులో దిట్టే గాని మనిషి బక్కపలచన. బడిలో బలిష్ఠులైన పిల్లలు అతన్ని ఏడిపించేవారు. ఆ బాధతో జుజుత్సు అనే పాత కుస్తీవిద్య నేర్చుకోవాలనుకున్నాడు. కాని అప్పటికి రోజులు మారిపోయాయి. 1868లో మెయిజీ చక్రవర్తి పాలన వచ్చింది. 1876లో సమురాయ్ వీరులు కత్తి కట్టుకు తిరగడం కూడా నిషేధించారు. పాశ్చాత్య పద్ధతుల మోజులో పాత విద్యలు మోటుగా కనిపించాయి. చివరకు 1877లో, విరిగిన ఎముకలు కట్టి జీవనం సాగిస్తున్న హచినొసుకె ఫుకుదా అనే గురువు కానోకు దొరికాడు.

1882లో కానో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో, 12 చాపలు పట్టే చోట, కొడోకాన్ అనే శిక్షణాలయం తెరిచాడు. జుజుత్సు పేరును జూడోగా మార్చాడు. 'జుత్సు' అంటే నేర్పు, 'డో' అంటే మార్గం. 'జు' అంటే మెత్తదనం, ఒదుగు. ఎదుటివాణ్ణి పడగొట్టే నేర్పు కాస్తా మనిషి తనను తాను దిద్దుకునే మార్గమయిందన్నమాట.

మెత్తదనంతో గెలుపేమిటంటారా? కానో చెప్పిన లెక్క చూడండి. ఎదుటివాడి బలం 10 పాళ్లు, నా బలం 7 పాళ్లు అనుకోండి. అతను తోసినప్పుడు నేను ఎదురు తోస్తే ఓడిపోతాను. అతను తోసినంత మేరా వెనక్కు ఒదిగితే అతనే ముందుకు తూలుతాడు. తూలినవాడి బలం 3 పాళ్లకు దిగిపోతుంది. అప్పుడు నా బలంలో సగం చాలు!

కానో రెండు సూత్రాలు చెప్పాడు. ఉన్న శక్తిని వృథా చేయకుండా సద్వినియోగం చేసుకోవాలన్నది మొదటిది. తానూ ఎదుటివాడూ కలిసి బాగుపడాలన్నది రెండవది. ఎదుటివాడు లేనిదే సాధన లేదు గనక అతను శత్రువు కాడు. అందుకే మొదట్లోనూ చివర్లోనూ వంగి నమస్కరిస్తారు. పడగొట్టడం కంటే ముందు, దెబ్బ తగలకుండా పడటం నేర్పుతారు.

ఇంత మంచి విద్య స్త్రీల దగ్గరికి వచ్చేసరికి ఏమయిందో వినండి. 1926లో కొడోకాన్‌లో స్త్రీల విభాగం ఏర్పడింది. తన తొలి గురువు మనుమరాలు కెయికో ఫుకుదాను కానోయే స్వయంగా పిలిచాడు. 1935లో చేరిన ఆమె ఎత్తు అయిదడుగులు లేదు, బరువు 45 కిలోలు దాటదు. పెళ్లి కూడా కాదనుకుని జూడోకే అంకితమయింది. అయినా స్త్రీలకు అయిదవ శ్రేణితో సరి అన్నారు. 1953లో అక్కడికి చేరిన ఆమె ఆరవ శ్రేణి కోసం 1972 దాకా ఆగవలసివచ్చింది. 2011లో, 98వ ఏట, అమెరికా జూడో సంస్థలు ఆమెకు పదవ శ్రేణి ఇచ్చాయి. 2013లో కన్నుమూసింది. ఒలింపిక్స్‌లో మగవారి జూడో 1964లో వస్తే, ఆడవారు పతకాలకు పోటీపడింది 1992లోనే. కలిసి బాగుపడాలన్న సూత్రం ఆడవాళ్ల దాకా రావడానికి అన్నేళ్లు పట్టింది!

మన దేశం సంగతీ చెప్పాలి. 1929లో రవీంద్రనాథ టాగూరు ఆహ్వానంపై తకగాకి అనే జపాను గురువు శాంతినికేతనానికి వచ్చి జూడో నేర్పాడు. అక్కడ ఆడపిల్లలు కూడా నేర్చుకున్నారు.

"మెత్తగా ఉండవే, అణిగి ఉండవే" అని మన ఆడపిల్లలకు చెబుతూనే ఉంటాం కదూ? కానో చెప్పిన మెత్తదనం వేరు. అందులో ఒదిగే మనిషి తన కాళ్లమీద తాను నిలబడే ఉంటుంది, అదను చూస్తూనే ఉంటుంది. ఒదగడం వేరు, లొంగడం వేరు. ఈసారి మీ అమ్మాయికి మెత్తదనం గురించి చెప్పేటప్పుడు, ఆ తేడా కూడా చెప్పండి.