స్కార్పియో: దీర్ఘకాల వినియోగం, మన్నిక

మహీంద్రా సంస్థ 2002లో విపణిలోనికి తెచ్చిన స్కార్పియో, గతుకుల బాటలకు తట్టుకొనే మధ్యతరహా వాహనం. 2022లో స్కార్పియో-ఎన్ రాగా, పాత నమూనాకు స్కార్పియో క్లాసిక్ అని పేరు పెట్టారు. నిచ్చెన ఆకారపు ఉక్కు ఛాసిస్‌పై బాడీ అమర్చబడినందున గుంటల తాకిడిని ప్రధానంగా ఆ ఛాసిసే భరిస్తుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ కొన్ని బండ్లకే ఉంటుంది. పాత నమూనాలలో దానిని బురదలోను, ఇసుకలోను మాత్రమే వాడవలెను. పొడి తారురోడ్డు మలుపులలో ముందు, వెనుక చక్రాలు తిరిగే దూరాలు వేరు. ఆ తేడాకు తావు లేక గేర్లు, టైర్లు అరుగుతాయి.

దూరప్రయాణం ముగిసిన వెంటనే ఇంజన్ ఆపరాదు. ఒక నిమిషం ఊరక తిరగనిస్తే టర్బో చల్లబడుతుంది. 2020 ఏప్రిల్ నుండి అమలైన బి.ఎస్.-6 డీజిల్ బండ్లలో పొగ వడపోత ఉంటుంది. ఊరిలోనే కొద్ది దూరాలు తిరిగితే అది మసితో పూడుకొనును. కనుక అప్పుడప్పుడు పెద్దరోడ్డుపై దూరం నడపవలెను.

పాత బండి కొనేవారు ముందుగా క్రిందిభాగం పరీక్షించవలెను. తీరప్రాంతపు ఉప్పుగాలికి ఛాసిస్ తుప్పు పడుతుంది.

సరిహద్దు కుటుంబాలకు కాగితాలు మరింత ముఖ్యం. 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, వేరొక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని 12 నెలలకు మించి ఉంచుకొంటే సాధారణంగా ఇక్కడి నంబరు పొందవలెను. అందుకు మొదటి కార్యాలయపు ఎన్.ఓ.సి. అవసరం, పన్నూ చెల్లించవలెను. సొంత వాహనపు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపై అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవలెను. పొరుగు రాష్ట్రపు బండి చౌకగా దొరికినను, ఈ ఖర్చులు కలిపి చూచిన పిదపనే బేరం కుదుర్చుకొనుట మేలు.