చిత్రాలపై బహుభుజులు గీయడంలో అర్రే దోషాలు

కంప్యూటర్ ప్రోగ్రాము ద్వారా ఒక చిత్రంపై బహుభుజిని గీయాలంటే దాని శీర్షాల నిరూపకాలను ఒక అర్రే (సంఖ్యల పట్టిక) రూపంలో అందించాలి. ఆ పట్టిక అమరిక గానీ, అందులోని సంఖ్యల రకం గానీ ప్రోగ్రాము ఆశించిన విధంగా లేనపుడు దోషాలు తలెత్తుతాయి. కొన్ని దోషాలకు ప్రోగ్రాము ఆగిపోయి సందేశం చూపుతుంది. మరికొన్నిటిలో ఏ సందేశమూ లేకుండా తప్పు చోట బొమ్మ పడుతుంది. భూముల హద్దుల విషయంలో రెండవ రకమే ఎక్కువ ప్రమాదకరం.

నేపథ్యం

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అటవీ ప్రాంతంలో కోయ, కొండరెడ్డి తదితర గిరిజనులు పోడు వ్యవసాయం చేస్తారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు హక్కు లభిస్తుంది. ఈ చట్టపు నియమాలకు 2012లో చేసిన సవరణ ప్రకారం ఉపగ్రహ చిత్రాలు ఇతర సాక్ష్యాలకు తోడుగా మాత్రమే పనికివస్తాయి, వాటికి బదులు కావు. అయినా పాత చిత్రంపై పొలం హద్దును గీసి చూడటం ఉపయోగకరమైన సాక్ష్యమే. ఆ గీత తప్పితే సాగుభూమి అడవిగా, అడవి సాగుభూమిగా కనిపించవచ్చు.

ఆశించే రూపం

పైథాన్ భాషలో ఈ పనికి ఓపెన్‌సీవీ, నమ్‌పై గ్రంథాలయాలను విస్తృతంగా వాడుతారు. ఓపెన్‌సీవీలో పాలీలైన్స్ అనే ప్రమేయం అంచును గీస్తుంది, ఫిల్‌పాలీ లోపలి భాగాన్ని నింపుతుంది. ఈ రెండింటికీ మూడు నియమాలు వర్తిస్తాయి.

* సంఖ్యలు 32 బిట్ల పూర్ణాంకాలు (ఇంట్32) కావాలి.
* ఒక్కొక్క బహుభుజి (ఎన్, 2) లేదా (ఎన్, 1, 2) ఆకారంలో ఉండాలి. ఇక్కడ ఎన్ అనగా శీర్షాల సంఖ్య.
* బహుభుజి ఒక్కటే అయినా దానిని ఒక జాబితాలో ఉంచి ఇవ్వాలి.

సాధారణ దోషాలు, సవరణలు

* దశాంశ సంఖ్యలు ఇస్తే ప్రోగ్రాము ఆగిపోతుంది. దశాంశాలను ముందు సమీప పూర్ణాంకానికి సవరించి, తరువాత ఇంట్32లోకి మార్చాలి.
* (ఎన్, 2) అర్రేను జాబితాలో ఉంచకుండా ఇస్తే ప్రతి వరుసనూ ఒక బహుభుజిగా భావించి దోషం చూపుతుంది. (ఎన్, 1, 2) అర్రేను అలాగే ఇస్తే దోషం రాదు గానీ, శీర్షాల వద్ద చుక్కలు మాత్రమే పడతాయి.
* శీర్షాల సంఖ్య వేర్వేరుగా ఉన్న పొలాలను ఒకే అర్రేగా కూర్చితే నమ్‌పై 1.24 నుండి దోషం వస్తుంది. ఒక్కొక్క పొలానికి విడి అర్రే చేసి, అన్నిటినీ జాబితాగా ఇవ్వాలి.
* ఉపగ్రహ చిత్రాలలో తరచు వర్ణపట్టీల సంఖ్య మొదట, వరుసలు, నిలువులు తరువాత వస్తాయి. ఈ క్రమాన్ని మార్చిన చిత్రాన్ని నేరుగా ఇస్తే అమరిక కుదరదనే దోషం రావచ్చు. నమ్‌పైలోని అస్‌కంటిగ్యుయస్‌అర్రే ప్రమేయంతో కొత్త ప్రతి చేసుకొని దానిపై గీయాలి.

సందేశం రాని దోషాలు

భద్రాచలం సుమారు 80.88 తూర్పు రేఖాంశం, 17.67 ఉత్తర అక్షాంశాల వద్ద ఉంది. జీపీఎస్ ఇచ్చిన ఈ అంకెలను చిత్రబిందువులుగా మార్చకుండా నేరుగా ఇంట్32 చేస్తే మిగిలేది (80, 17). పొలం మూలలన్నీ ఆ ఒక్క బిందువులోనే కలిసిపోతాయి. దోష సందేశం మాయమవుతుంది, దానితోపాటు పొలం కూడా.

కనుక ముందుగా నిరూపకాలను చిత్రపు ప్రక్షేపంలోకి మార్చాలి. ఈ ప్రాంతం యూటీఎం 44వ ఉత్తర మండలంలోకి వస్తుంది. తూర్పు నిరూపకం నుండి చిత్రపు ఎడమ అంచు విలువను తీసివేసి, బిందువు వెడల్పుతో భాగిస్తే నిలువు సంఖ్య వస్తుంది. చిత్రపు పై అంచు విలువ నుండి ఉత్తర నిరూపకాన్ని తీసివేసి, బిందువు ఎత్తుతో భాగిస్తే వరుస సంఖ్య వస్తుంది. చిత్రంలో వరుసలను పైనుండి కిందికి లెక్కిస్తారు గనుక ఈ తేడా.

నమ్‌పైలో వరుస ముందు, నిలువు తరువాత. ఓపెన్‌సీవీ శీర్షాలలో నిలువు ముందు, వరుస తరువాత. ఈ క్రమం తారుమారైతే (700, 200) వద్ద పడవలసిన మూల (200, 700) వద్ద పడుతుంది. చిత్రం వెలుపల పడిన భాగాన్ని ప్రోగ్రాము నిశ్శబ్దంగా వదిలివేస్తుంది. జియోజేసన్ దస్త్రాలలోనూ రేఖాంశమే ముందు వస్తుంది. నోటిమాటలో అక్షాంశం ముందు చెప్పే అలవాటు ఉన్నందున ఇక్కడ పొరబడటం సులభం.

అడవి మధ్య గ్రామాలు

రిజర్వు అటవీ హద్దు లోపల ఊళ్లు, పట్టా భూములు ఉన్నపుడు వెలుపలి హద్దును, లోపలి హద్దును ఒకే ఫిల్‌పాలీ పిలుపులో ఇవ్వాలి. అపుడు మధ్య భాగం ఖాళీగా మిగులుతుంది. విడివిడిగా పిలిస్తే ఊరు కూడా అడవి రంగులో నిండిపోతుంది.

సరిచూసుకొనే విధానం

సెంటినెల్-2 చిత్రంలో 10 మీటర్ల బిందువు 100 చదరపు మీటర్లకు సమానం. 4 హెక్టార్ల చతురస్రపు పొలం 20 x 20, అనగా 400 బిందువులు. ఫిల్‌పాలీ అంచు బిందువులను కూడా నింపుతుంది గనుక లెక్కిస్తే 21 x 21, అనగా 441 వస్తాయి. వైశాల్యాన్ని శీర్షాల నుండే కాంటూర్‌ఏరియా ప్రమేయంతో గణిస్తే 400 వస్తుంది. ఈ విలువను పత్రంలోని విస్తీర్ణంతో పోల్చాలి. అయితే క్రమం తారుమారైనా వైశాల్యం మారదు. కాబట్టి వాగు, రహదారి వంటి తెలిసిన గుర్తు పక్కన పొలం సరైన వైపున పడిందో లేదో కంటితో చూడటం కూడా అవసరం.