రుద్రారం తెల్లపొడి

ప్లంబరు కుళాయి మరకు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపులోని పదార్థం అసలు పేరు పీటీఎఫ్ఈ. 1938లో అమెరికాలో డ్యుపాంట్ ఉద్యోగి రాయ్ ప్లంకెట్‌కు, గ్యాసు ఉండాల్సిన సిలిండరును కోయిస్తే, జారుడు స్వభావమున్న తెల్లపొడి దొరికింది. అదే పీటీఎఫ్ఈ.

అది 260 డిగ్రీల సెల్సియస్ దాకా నిలకడగా పనిచేస్తుంది. చిక్కల్లా మలచడంలోనే. 327 డిగ్రీల దగ్గర కరిగినా ధారగా పారదు. అందుకే పొడిని అచ్చులో గట్టిగా నొక్కి, ఆపైన కొలిమిలో 370 డిగ్రీల ప్రాంతంలో కాలుస్తారు. 1960లో వచ్చిన, అదే కోవకు చెందిన ఎఫ్ఈపీ చక్కగా పారింది గానీ, దాని ఓర్పు 200 డిగ్రీలకే పరిమితం. ఆ లోటు తీరడానికి పన్నెండేళ్లు పట్టింది. 1972 నాటి పీఎఫ్ఏ అనే మరో రకంలో పారే గుణమూ, 260 డిగ్రీల ఓర్పూ రెండూ కుదిరాయి. ఇక వేడిలో బరువు పడితే పీటీఎఫ్ఈ మెల్లగా సాగిపోతుంది. గాజునార, కార్బన్, కంచు పొడి కలిపి ఆ బలహీనతను తగ్గించారు. ఈ రంగంలో అసలైన పనితనం ఇదే.

తెలుగు నేల మీద ఈ కథ మెదక్ జిల్లా (ఇప్పటి సంగారెడ్డి) రుద్రారంలో నడిచింది. 1983లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్, 1987లో ఉత్పత్తి మొదలుపెట్టింది. తయారీ వరస ఇది: క్లోరోఫారం నుంచి ఆర్-22 గ్యాసు, దాన్ని తీవ్రంగా వేడిచేస్తే టీఎఫ్ఈ అనే గ్యాసు, దాని అణువులను గొలుసుకడితే పీటీఎఫ్ఈ.

అంత కష్టమైన రసాయన విద్య మన కార్మికుల చేతికి రావడం చిన్న విషయం కాదు. అయినా 2020 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆ సంస్థ మూసివేతకు ఆమోదం తెలిపింది.