రిలక్టెంటా, ససేమిరానా?

మన ఆఫీసుల్లో "నో" అన్న మాట దాదాపు వినపడదు. ఆదివారం సపోర్టుకి రమ్మంటే "కొంచెం రిలక్టెంట్‌గా ఉంది" అంటాం. చివరికి వెళ్తాం. (కొందరు అదే చోట రెటిసెంట్ అంటారు. దానర్థం నోరు విప్పనివాడని. మీటింగుల్లో మన వాలకానికి అదే సరిపోతుందనుకోండి.)

నిజానికి రిలక్టెంట్‌కి లాటిన్ మూలం చూస్తే ఎదురుతిరిగి పెనుగులాడటం, కుస్తీ పట్టడం. వాడి వాడి అరిగిపోయి ఇప్పుడు మొహమాటం దగ్గర ఆగింది. అవర్స్ అంటే ముఖం తిప్పుకున్న అని, అచ్చం మన విముఖత. రికాల్సిట్రంట్ అంటే మడమతో వెనక్కి తన్నేది. మన మొండికేయడం దానికి దగ్గర చుట్టం. ససేమిరా సంగతి వేరు. విక్రమార్కుడి కథల్లో, చెట్టు మీద తనని కాపాడిన ఎలుగుబంటినే కిందికి తోసిన రాజకుమారుడు పిచ్చివాడై, ఏమడిగినా ఆ నాలుగక్షరాలే పలుకుతాడు. ఎంత బతిమాలినా మారని జవాబుకి అదే పేరైంది.

ఈ మాటలన్నిటినీ ఒకే జిల్లాలో వెతకాలంటే శ్రీకాకుళం వెళ్ళాలి. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. రాహుల్ సాంకృత్యాయన్‌ని అధ్యక్షుడిగా ఎన్నుకున్నది ఆ సభకే. పక్కనే మందస జమీందారీ. అడవిలో కట్టెలు కొట్టుకోకూడదని జమీందారు ఆంక్ష, కొట్టుకుంటామని రైతులు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో అరెస్టులకొచ్చిన పోలీసులకి సాసుమాన గున్నమ్మ అడ్డం నిలబడింది. అప్పుడామె గర్భిణి. కాల్పుల్లో ఆమెతో పాటు మరికొందరు పోయారు. కాగితం ప్రకారం అడవి జమీందారుది, కాబట్టి ఆమెకి "ఇష్టం లేదు" అనే హక్కే లేదు.

నాకు అసలు ఆసక్తి కలిగించింది ఈ కాగితం ముక్కే. 1894 నాటి భూసేకరణ చట్టం చూడండి. అందులో అయిష్టానికి ఒక ధర ఉంది! బలవంతంగా తీసుకుంటున్నాం కాబట్టి మార్కెట్ విలువ మీద 15 శాతం అదనం. దాని పేరు సొలేషియం, అంటే ఓదార్పు సొమ్ము. 1984లో 30 శాతం చేశారు, 2013 చట్టంలో 100 శాతం. అభ్యంతరం చెప్పుకునే అవకాశం మాత్రం 1923 సవరణతోగానీ రాలేదు. అదీ 30 రోజుల్లోపు. అర్జెన్సీ క్లాజు వాడితే అదీ పోయె. మీరు రిలక్టెంటో రికాల్సిట్రంటో చట్టానికి అనవసరం, అందరికీ ఒకటే శాతం.

అయితే ఆ శాతం కూడా పట్టా ఉన్నవాడికే. సోంపేట బీల గొడవ సరిగ్గా ఇక్కడే మొదలైంది. బీల అంటే ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళుండే చిత్తడి నేల. చుట్టుపక్కల పొలాలకి నీళ్ళు, గొడ్లకి మేత, జాలర్లకి చేపలు అన్నీ దాన్నుంచే. ప్రభుత్వం లెక్కలో అది పనికిరాని భూమి. థర్మల్ ప్లాంటు కోసం 2008లో 972 ఎకరాలు నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి ఇచ్చింది. ప్రభుత్వ భూమిలో చేపలు పట్టేవాడు ఒప్పుకున్నాడా లేదా అని ఏ కాలమ్‌లో నింపుతారు? పర్యావరణ అనుమతి కోసం 2009లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. అక్కడ అడిగేది అభిప్రాయమే గానీ అంగీకారం కాదు. జనం వద్దన్నా మినిట్స్‌లో రాసుకుని ముందుకెళ్ళొచ్చు. (మన రిక్వైర్‌మెంట్స్ మీటింగుల్లాగే.)

2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. విచిత్రమేమిటంటే సరిగ్గా అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. భూకేటాయింపు రద్దవడానికి మాత్రం 2015 దాకా పట్టింది. ఈలోగా 2011 ఫిబ్రవరి 28న, టెక్కలికి దగ్గర్లోని కాకరాపల్లి థర్మల్ ప్లాంటు విషయంలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. అదీ చిత్తడి నేలే.

2013 చట్టం కొంత నయం. ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం కుటుంబాల ముందస్తు అంగీకారం కావాలి. ప్రభుత్వం తన కోసమే తీసుకుంటే ఆ లెక్క వర్తించదు. 2025లో మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎయిర్‌పోర్టు అన్నప్పుడు కొబ్బరి, జీడి తోటలున్న ఊళ్ళు మళ్ళీ అడ్డం తిరిగాయి. దాన్ని పేపర్లు "రైతుల విముఖత" అని రాస్తే నాకు నచ్చదు. ముఖం తిప్పుకోవడం కాదది, ఎదురుగా నిలబడటం. లాటిన్ వాడి పాత రిలక్టెంటే దానికి సరైన మాట.