ప్రత్తిపోగు, ఆకాశపు నిచ్చెన

మా ఊరి పేరులోనే ప్రత్తి ఉంది. ప్రత్తిపాడు అన్నప్పుడు చివరనున్న 'పాడు' చూచి పాడుపడిన ఊరేమో అనుకోకండి. ఊళ్ళ పేర్ల చివర వచ్చే ఆ మాటకు గ్రామమనే అర్థం. గుంటూరుకు దక్షిణాన నల్లరేగడి నేలల్లో మా కాపురం. మాఘ ఫాల్గుణ మాసాల్లో మా వైపు వస్తే కల్లాల నిండా ఎఱ్ఱని మిరపకాయలు ఆరబోసి కనిపిస్తాయి. వాటిని ఎండబెట్టే సూర్యుడు ఇంతవరకు మాకెవ్వరికీ బిల్లు పంపలేదు.

అయినా సూర్యుడితో మా రైతులకు ఒక చిక్కు ఉంది. పొలాలకు రాత్రి వంతున కరెంటు వచ్చే రోజుల్లో, నా పూర్వవిద్యార్థి ఒకడు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకొని మోటారు వేయడానికి వెళ్ళేవాడు. చీకట్లో పురుగూ పుట్రా భయం, తడిచేతులతో స్టార్టరు ముట్టుకోవాలంటే మరొక భయం. ఒకనాడు అరుగు మీద కూర్చొని, "మాష్టారూ, రాత్రిపూట కూడా ఎండకాసే చోటు ఎక్కడైనా ఉందంటారా?" అని అడిగాడు. "త్రిశంకు స్వర్గంలో ఉంటుందేమోరా!" అని నవ్వి ఊరుకున్నాను. ఆ తరువాత చదువగా, పరిహాసానికి నేనన్న మాటలో చాలా పాలు నిజమేనని తేలింది. ఆ చరిత్రను మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భూమధ్యరేఖకు పైన 35,786 కి.మీ. ఎత్తులో తిరిగే ఉపగ్రహం భూమితోపాటే తిరుగుతూ, మనకు ఒకేచోట వ్రేలాడుతున్నట్లు కనిపిస్తుంది. అచ్చంగా త్రిశంకుడే. అక్కడ చదరపు మీటరుకు సుమారు 1,361 వాట్ల ఎండ పడుతుంది. మబ్బు లేదు, వాన లేదు. విషువత్తుల ముందు వెనుకల కొన్ని వారాలపాటు మాత్రం రోజుకు గంటకు కొంచెం పైగా భూమి నీడ పడుతుంది. తక్కిన కాలమంతా పగలే. అక్కడ సౌరఫలకాలు పరచి, పుట్టిన విద్యుత్తును సూక్ష్మతరంగాలుగా మార్చి భూమికి పంపవచ్చునని 1968లో అమెరికాలో పీటర్ గ్లేజర్ అనే ఇంజనీరు 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించాడు. ఆ తరంగాలు మన వంటింటి మైక్రోవేవ్ పొయ్యిలోని తరంగాల జాతివే. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ వద్ద మైలు దూరానికి 30 కిలోవాట్లకు పైగా శక్తిని తీగ లేకుండా పంపి చూపించారు కూడా. అందుచేత దీనిని ఉత్త ఊహ అని కొట్టివేయడానికి వీలులేదు.

మరి అడ్డమేమిటి? బరువు. 1970ల చివర అమెరికా ప్రభుత్వం వేయించిన లెక్కలో 5 వేల మెగావాట్లు పంపే ఒక్కొక్క ఉపగ్రహం ఇంచుమించు 10 కి.మీ. పొడవు, 5 కి.మీ. వెడల్పు, 50 వేల టన్నుల బరువు. దీనిని మన శ్రీహరికోట కొలతతో కొలుద్దాం. అక్కడినుంచి ఎగిరే మన అతిపెద్ద రాకెట్టు ఎల్.వి.ఎం.-3 ఆ కక్ష్యకు పోయే త్రోవలోనికి ఒక్కసారికి సుమారు 4 టన్నులు చేరవేస్తుంది. అంటే ఒక్క ఉపగ్రహానికి 12,500 ప్రయోగాలు. రోజుకొకటి చొప్పున ఎగురవేసినా 34 ఏళ్ళు. ఉపగ్రహ వాహక నౌకల ప్రయోగాలు శ్రీహరికోటలో 1979లో మొదలైతే, నూరవది 2025 జనవరి 29న జరిగింది.

ఇక్కడనే నిచ్చెన ఆలోచన అక్కరకు వస్తుంది. 1895లో రష్యాలో త్సియోల్కోవ్‌స్కీ అనే బడిపంతులు ఈఫిల్ గోపురాన్ని తలచుకొని, ఆకాశాన్ని అంటే గోపురాన్ని ఊహించాడు. పంతులు గనుక నాకు ఆయనంటే ఒకింత పక్షపాతం. అంత బరువు క్రిందినుంచి కట్టుకొంటూ పోతే నిలువదు. పైనుంచి త్రాడు వ్రేలాడదీయాలని 1960లో లెనిన్‌గ్రాడ్ ఇంజనీరు యూరీ అర్త్సుతానోవ్ ఒక రష్యన్ దినపత్రికలో వ్రాశాడు. 1975లో అమెరికావాడైన జెరోమ్ పియర్సన్ విడిగా ఇదే లెక్క కట్టాడు. 1979లో ఆర్థర్ క్లార్క్ దీనిని నవలగా వ్రాసినప్పుడు తాను నివసించే సింహళాన్నే రంగస్థలం చేసికొని, కథ కోసం ఆ ద్వీపాన్ని భూమధ్యరేఖ మీదికి జరిపాడు.

త్రాడు ఎందుకు పడిపోదు? జొన్నచేలో పిట్టలను తోలే వడిసెలను చూడండి. రాయి గిరగిర తిరుగుతున్నంతసేపు త్రాడు బిగువుగా నిలుస్తుంది. భూమి తిరుగుతున్నది, త్రాడు చివర బరువు ఉన్నది. ఆ త్రాటి మీద బండ్లు ప్రాకి సామాను మోస్తాయి.

మన గజగౌరీ నోము కథలో ఐరావతాన్ని దింపడానికి అర్జునుడు బాణాలతో త్రోవ కట్టాడు. కథలో త్రోవ ఉన్నది గనుక పూర్వులకు ఈ విద్య తెలుసునని మాత్రం నేను వాదించను. కోరిక పాతది, లెక్క క్రొత్తది.

ఆ లెక్కను మా ప్రత్తితోనే చెప్పగలను. కిలోమీటరు పొడవున్న పోగు ఒక గ్రాము తూగితే దానిని ఒక టెక్సు అంటారు. మంచి ప్రత్తిపీచు బలం టెక్సుకు 25 నుంచి 30 గ్రాములు. అనగా ఆ పీచును ఆకాశంనుంచి వ్రేలాడదీస్తే 25, 30 కి.మీ. పొడవు వరకు తన బరువు తాను మోసి, ఆపైన తెగుతుంది. ఆశ్చర్యమేమంటే మేలైన ఉక్కుతీగ లెక్కా దాదాపు ఇంతే! ఉక్కు గట్టిదే కాని బరువు కూడా ఎక్కువ. తూటాలను ఆపే చొక్కాలకు వాడే కెవ్లార్ సుమారు 250 కి.మీ. ఓర్చుకొంటుంది. ఎత్తుకు పోయేకొద్దీ భూమి ఆకర్షణ తగ్గుతుంది గనుక ఆకాశపు త్రాటికి 35 వేలు అక్కరలేదు. ఒకే మందం గలదైతే సుమారు 5 వేల కి.మీ. బలం చాలు. నడుమ లావుగా, కొనలు సన్నగా పేనితే ఇంకా తక్కువతో సరిపెట్టవచ్చు.

1991లో జపానులో సుమియో ఇజీమా కర్బనపు నానో గొట్టాలను వర్ణించినప్పుడు ఆ బలం దొరికిందని ఆశపడ్డారు. కాగితం మీద చాలినంత బలమే. ఆ ధైర్యంతోనే 2012లో ఒబయాషి అనే జపాను నిర్మాణసంస్థ 96 వేల కి.మీ. త్రాడుతో 2050 నాటికి నిచ్చెన కట్టగలమని ప్రకటించింది. కాని 2013లో చైనాలోని సింగువా విశ్వవిద్యాలయంవారు పెంచి చూపిన అతిపొడవైన గొట్టం అరమీటరు. అరమీటరు పోగును చూచి మా ఊరి సాలెవాడు మగ్గం ఎక్కడు.

నిచ్చెన ఆగినా పైనున్న ఎండ మీద ఆశ ఆగలేదు. 2010 నవంబరులో మన అబ్దుల్ కలాంగారు అమెరికాలోని జాతీయ అంతరిక్ష సంఘంతో కలిసి దీనికై ఉమ్మడి కృషి జరగాలని పిలుపునిచ్చారు. 2023లో కాల్‌టెక్ విద్యాసంస్థవారు కక్ష్యలోని చిన్న పరికరంనుంచి పంపిన శక్తిని తమ ప్రాంగణంలోనే గుర్తించారు. అది గుర్తించదగినంత మాత్రమే, దీపం వెలిగించేంత కాదు. 2024 జనవరిలో నాసా నివేదిక, నేలమీది పునరుత్పాదక విద్యుత్తుకంటె ఇది 12 నుంచి 80 రెట్లు ఖరీదవుతుందనీ, అందులో పెద్ద పద్దు పైకి మోయడానికేననీ తేల్చింది. మళ్ళీ ఆ బరువు దగ్గరికే వచ్చాం.

ఈలోగా నేలమీద కథ నడిచిపోయింది. 2017 నాటికి కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలో 5,900 ఎకరాలకు పైగా స్థలంలో 1,000 మెగావాట్ల సౌరవనం పూర్తయింది. పగటి కరెంటును రాత్రికి దాచే ఉపాయమూ మనకు క్రొత్త కాదు. నాగార్జునసాగరంలో అటు విద్యుత్తును పుట్టించి, ఇటు తిరగబడి నీటిని పైకి తోడగల యంత్రాలు ఉన్నాయి. పగటి ఎండతో నీరెక్కించి, రాత్రి దింపుకొంటే అదీ ఒక నిచ్చెనే.

కనుక నా తీర్పు ఇది. పైనుంచి విద్యుత్తు సాధ్యం, కాని నేడు గిట్టుబాటు కాదు. నిచ్చెన శాస్త్రానికి విరుద్ధం కాదు, కాని దానికి తగిన పోగు ఇంకా పుట్టలేదు. ఆ ప్రయత్నం చేసేవారిని వెక్కిరించను, ఎందుకంటే ఒకసారి వెక్కిరించి తప్పు చేసినవాణ్ణి. ఆ పేరు చెప్పి నేలమీద చేయదగిన పనిని వాయిదా వేస్తే మాత్రం ఒప్పుకోను. రైతు మోటారుకు పగటిపూట కరెంటు ఇవ్వడానికి ఆకాశం ఎక్కనక్కరలేదు.

ఈమధ్య ఆ పూర్వవిద్యార్థి కల్లం దగ్గర కనిపిస్తే ఇదంతా చెప్పాను. ఓపికగా విని, "అయితే ఆ పోగు ప్రత్తితో రాదంటారు" అన్నాడు. రాదన్నాను. పొద్దు వాలుతున్నది. ఇద్దరం కలిసి కాయల మీద పట్టాలు కప్పాం.