కోల్‌కతా పచ్చికలు

ఇంటి ముందు కత్తిరించిన పచ్చిక పెంచడం చల్లటి దేశాల అలవాటు. బ్రిటిషువారు ఆ ముచ్చటను కలకత్తాకు తెచ్చారు. అయితే అక్కడి గడ్డి ఇక్కడ నిలవదు. కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ, రై గడ్డి 15 నుంచి 24 డిగ్రీల మధ్య బాగా ఎదుగుతాయి. బెంగాల్ వేసవికి మాడిపోతాయి. ఇక్కడ గెలిచింది వినాయక చవితి పూజలో మనం వాడే గరికే.

ఇంటి ముందే కాదు, ఆటస్థలాల్లోనూ పచ్చిక వచ్చింది. 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ బ్రిటన్ వెలుపల అత్యంత పాతది. 1920 నాటి సౌత్ క్లబ్ పచ్చిక టెన్నిస్ కోర్టులపై 1966లో రామనాథన్ కృష్ణన్ బ్రెజిల్ ఆటగాడు థామస్ కోక్‌ను ఓడించి భారత్‌ను డేవిస్ కప్ ఫైనల్‌కు చేర్చాడు. 2019లో ఇటలీతో పోటీ కూడా అక్కడే జరిగింది.

చల్లటి దేశాల్లో వేసవి చివర విత్తనం చల్లుతారు. కోల్‌కతాలో తొలకరికి గరిక పిలకలు నాటుతారు.

అసలు చిక్కు నేలతోనే. గంగా డెల్టా ఒండ్రుమట్టి బరువైనది, వానాకాలంలో నీరు నిలుస్తుంది. అందుకే ఇసుక కలిపి, కొద్దిగా వాలు ఇస్తారు. కలుపుగా మొలిచే తుంగను పైపైన పీకితే లాభం లేదు, గడ్డలతో సహా తవ్వాలి. ఒక్కసారి కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదన్న నియమం ఎక్కడైనా ఒకటే. చలికాలంలో గరిక ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి కోతలూ తగ్గుతాయి. చెట్ల నీడలో గరిక పలచబడుతుంది. అక్కడ వెడల్పాటి ఆకుల కార్పెట్ గడ్డి మేలు.