హరిపురా

హరిపురా గుజరాత్‌లోని సూరత్ జిల్లాలో, బార్డోలి తాలూకా కడోద్ దగ్గర, తపతి ఒడ్డున ఉన్న చిన్న పల్లె. 1938 ఫిబ్రవరి 19 నుంచి 22 వరకు కాంగ్రెస్ 51వ మహాసభలు ఇక్కడే జరిగాయి. చరిత్ర పుస్తకాల్లో ఈ ఊరికి ఆ నాలుగు రోజులే మిగిలాయి. వాటికి ముందూ వెనుకా ఉన్న బతుకును కూడా చెప్పుకోవాలి.

కాంగ్రెస్ సభలు పల్లెల్లో జరగాలన్నది గాంధీ పట్టుదల. 1936లో ఫైజ్‌పూర్ తర్వాత వంతు హరిపురాది. 1928లో 22 శాతం శిస్తు పెంపును ఎదిరించి నిలిచిన బార్డోలి రైతుల నేల ఇది. పన్ను నిరాకరణ పోరాటానికి తెలుగువారికి పెదనందిపాడు ఎలాంటిదో గుజరాతీలకు బార్డోలి అలాంటిది. తపతి ఒడ్డున వెలసిన తాత్కాలిక నగరానికి జాతీయోద్యమ నాయకుడు విఠల్‌భాయ్ పటేల్ పేరిట విఠల్‌నగర్ అని పేరు పెట్టారు. అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్‌ను 51 ఎద్దులు పూన్చిన రథంపై ఊరేగించారు. ప్రణాళికతో దేశాన్ని నిర్మించుకోవాలని ఆయన ఇక్కడ చేసిన ప్రసంగం వృథా పోలేదు. ఆ ఏడాదే నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడింది.

సభల కన్నా ఎక్కువ కాలం నిలిచినవి వాటి కోసం చిత్రకారుడు నందలాల్ బోస్ వేసిన బొమ్మలు. గాంధీ కోరికపై ఆయన, శిష్యులు కలిసి దాదాపు 400 చిత్రాలు వేశారు. డోలు వాయించేవాడు, చెప్పులు కుట్టేవాడు, ఎద్దును అదుపు చేసేవాడు, వంట చేసే ఇల్లాలు: అందరూ పనిలో మునిగినవాళ్ళే. మట్టి రంగులు, బలమైన గీతలు. దారిన పోయే పల్లెజనం చూడాలని వేసిన బొమ్మలవి.

అయితే ఈ ప్రాంతంలో పొలం దున్నినవాళ్ళందరికీ పొలం లేదు. భూమి ఎక్కువగా పాటీదార్లది, అనావిల్ బ్రాహ్మణులది. పెళ్ళికి చేసిన అప్పు తీరక తరతరాలుగా ఆసామి దగ్గర జీతగాళ్ళుగా ఉండిపోయిన దుబ్లాలను, అంటే నేటి హళపతులను, శిస్తు పోరాటం పెద్దగా పట్టించుకోలేదు. బార్డోలి కథలో ఈ ముక్క తప్పక ఉండాలి.

స్వాతంత్ర్యం తర్వాత కాక్రాపార్ కాలువలు వచ్చాక ఈ చుట్టుపక్కల చెరకు విస్తరించింది. బార్డోలిలో సహకార చక్కెర కర్మాగారం వెలిసింది. గడ నరకడానికి మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి కూలీలు కుటుంబాలతో వలస వస్తారు. చదువుకున్న పాటీదార్ యువత చాలామంది విదేశాలకు వెళ్ళారు.

2009 జనవరి 23న, సుభాష్ చంద్రబోస్ జయంతి నాడు, గ్రామ పంచాయతీలను ఇంటర్నెట్‌తో కలిపే ఈ-గ్రామ్ విశ్వగ్రామ్ పథకాన్ని గుజరాత్ ప్రభుత్వం ఇక్కడి నుంచే మొదలుపెట్టింది. వానాకాలంలో ఎగువన ఉకాయ్ ఆనకట్ట గేట్లు ఎత్తితే మాత్రం తపతి దాటించే హరిపురా కాజ్‌వే మునుగుతుంది. అవతలి ఒడ్డు ఊళ్ళవాళ్ళు కడోద్‌కు చుట్టుదారిన రావాల్సిందే.